పట్టూ విడుపూ

మా లేపాక్షి నుండి ఏ దిక్కుకు బయలుదేరినా సముద్రాన్ని చేరడానికి రెండు వందల యాభై కిలోమీటర్లకు పైగా ప్రయాణించాలి. ఏడాదికి సగటున 550 మిల్లీమీటర్ల వర్షంతో సరిపెట్టుకొనే అనంతపురం పీఠభూమిలో పుట్టినవారికి నీళ్లంటే చెరువే. చెరువు నిండిన ఏడు ఊళ్లో చేపల మాట వినిపించేది. నిండని ఏళ్లలో మాకు కనిపించే చేప ఒక్కటే; అది వీరభద్రస్వామి ఆలయం పైకప్పు మీద ఉండేది. పదహారవ శతాబ్దంలో, అచ్యుతదేవరాయల ఏలుబడిలో, విరూపణ్ణ, వీరణ్ణ సోదరులు నిర్మింపజేసిన ఆ ఆలయంలో ద్రౌపదీ స్వయంవర ఘట్టం చిత్రితమై ఉంది. అర్జునుడు మత్స్యయంత్రానికి గురిపెట్టిన ఆ చిత్రం కింద మెడ నొప్పి పుట్టేదాకా నిలబడి చూడడం మా బాల్యక్రీడలలో ఒకటి. ఆ ఆలయంలోనే మరొకచోట మర్రియాకుపై పవళించిన వటపత్రశాయి ఉన్నాడు. కరువుసీమలోని మా ఊరివారికి చేపా, ప్రళయసముద్రమూ రెండూ రంగుల్లోనే తొలి పరిచయం.

అటువంటి ఊరివాడు కడలిలోని చేపల వేటను గురించి వ్యాసం రాయడం వింతగా తోచవచ్చు. నన్ను ఆ వైపు నడిపించింది ఒక మాట. ఉద్యోగజీవితం తొలినాళ్లలో విశాఖపట్నానికి సమీపంలో ఒక కళాశాలలో నాలుగేళ్లు పనిచేశాను. అక్కడి విద్యార్థులలో పలువురు సముద్రతీర గ్రామాలవారు. “మా నాన్న వేటకెళ్లాడండీ” అని వారు చెబుతుండేవారు. తీరాంధ్రలో చేపలు పట్టడానికి వెళ్లడాన్ని ‘వేట’ అనే అంటారు. ప్రబంధాలు చదివి వచ్చిన నా చెవికి ఆ మాట కొత్తగా వినిపించింది.

మన ప్రాచీన సాహిత్యంలో వేట రాజుల వినోదం. ప్రబంధాల్లో మృగయావర్ణన ఒక అంగం. అయితే ఆ వినోదాన్ని వర్ణించిన సాహిత్యమే దానిని సప్తవ్యసనాలలో ఒకటిగా లెక్కించింది. లేడిజంటపై బాణం వేసిన పాండురాజు మునిశాపానికి గురైనాడు. కుండ ముంచిన చప్పుడును ఏనుగు నీరు త్రాగుతున్న చప్పుడని భావించి బాణం వదిలిన దశరథుడు కడపట పుత్రశోకంతో మరణించాడు. ఆకలి లేనివాడు ఆడిన వేటకు మన పురాణాలు ఏదో ఒక రూపంలో మూల్యం వసూలు చేశాయి. మరి ఆకలి కోసం ఆడే వేట మాటేమిటి? మహాభారత కర్తకు తల్లియైన సత్యవతి పెరిగింది జాలరి ఇంటనే. ఆ ఇంటి వేటను గురించి మాత్రం కావ్యాలు పెద్దగా పలకలేదు. దానిని నేను పుస్తకాలలో కాక, విద్యార్థుల ఇళ్లలో తెలుసుకొన్నాను.

వెచ్చని సముద్రజలాల్లో తిరిగే పెద్ద చేపలలో రెండింటిని తీరవాసులు ప్రత్యేకంగా చెప్పుకొంటారు. ఒకటి సూర, ప్రపంచమంతా దానిని ట్యూనా అంటుంది. సొర వేరు, సూర వేరు. రెండవది కొమ్ముకోనెం, ఆంగ్లంలో మార్లిన్. దాని పైదవడ బల్లెంలా ముందుకు పొడుచుకొని ఉంటుంది. కొమ్ము అనేది ఆ బల్లేనికి మన జాలరులు పెట్టిన పేరు. సూర ఆగకుండా ఈదవలసిన ప్రాణి. ఈదుతుంటేనే నోటిగుండా నీరు ప్రవహించి మొప్పలకు ప్రాణవాయువు అందుతుంది. ఆగితే ఊపిరి ఆడదు. చాలా చేపలకు భిన్నంగా ఇది తన కండరాలను చుట్టూ ఉన్న నీటికన్నా వెచ్చగా ఉంచుకోగలదు. ఆ వేడిమే దాని వేగానికి ఆధారం. కొమ్ముకోనెంలో ఆడచేప మగచేపకన్నా ఎంతో పెద్దదిగా ఎదుగుతుంది. వందల కిలోల బరువు తూగే మహామీనాలన్నీ ఆడవే.

ఈ చేపలను వలతో కాక గాలంతో పట్టడంలో అనకాపల్లి జిల్లా పుడిమడక గ్రామస్థులు పేరు పొందారు. నా విద్యార్థి ఒకడు నన్ను తీరగ్రామంలోని తమ ఇంటికి తీసుకొనివెళ్లాడు. అతని తండ్రి నమస్కరించడానికి చేతులు జోడించినప్పుడు ఆ అరచేతులపై నా చూపు నిలిచిపోయింది. చూపుడువేలి మడతలో, అరచేతికి అడ్డంగా, నాగలిచాళ్ల వంటి పాత గాట్లు ఉన్నాయి. అవి తంగూసు తాడు కోసిన గుర్తులు. వారి గాలానికి కర్ర ఉండదు, చక్రం ఉండదు. నైలాను తాడు, దాని కొసన ఇనుపగాలం, గాలానికి ఎరగా చిన్నచేప. ఇటు కొసన మనిషి చేయి. వేళ్లకు సైకిలు ట్యూబు ముక్కలు తొడుక్కొంటారు. లాగిన తాడు పడవ అడుగున చుట్టలు చుట్టలుగా పడుతుంది. ఆ చుట్టలో కాలు పెట్టరాదన్నది వారు పిల్లలకు నేర్పే మొదటి పాఠం.

“కత్తి లేకుండా గాలం ఎయ్యం మాస్టారూ” అన్నాడాయన. “తాడు కాలికి సుట్టుకుంటే ఇంక ఆలోసించడానికి టైముండదు. తెంపెయ్యాలంతే.”

“తెంపేస్తే చేప పోతుంది కదా?” అన్నాను.

“చేపా పోద్ది, గాలమూ పోద్ది, ఆ రోజు డీజిలు డబ్బులూ పోతాయి” అని లెక్క చెప్పినట్లు చెప్పాడు.

సూర చిక్కినప్పుడు వారికి మరొక తొందర ఉంటుంది. ఎక్కువసేపు పెనుగులాడితే ఆ చేప ఒళ్లు మరింత వేడెక్కి మాంసం చెడుతుంది, ధర పడిపోతుంది. అందువల్ల పెనుగులాటను వీలైనంత త్వరగా ముగించి, చేపను వెంటనే మంచులో పెట్టాలి. పోరాటం వారికి కథగా చెప్పుకోదగినది కాదు, తగ్గించుకోవలసిన ఖర్చు.

ఆ పోరాటాన్నే కోరి, డబ్బిచ్చి కొనుక్కొనేవారు లోకంలో ఉన్నారు. సిబ్బందితో సహా పడవను రోజుకింత అని అద్దెకు తీసుకొని, పెద్ద చేపలను గాలంతో పట్టడం అనేక వెచ్చని తీరాలలో ఒక క్రీడ. ఆస్ట్రేలియాలోని కెయిర్న్స్, హవాయి దీవులలోని కోనా, మారిషస్ వంటివి ఈ క్రీడకు ప్రసిద్ధ స్థలాలు. దీని చరిత్రలో 1898వ సంవత్సరం ముఖ్యమైనది. ఆ ఏడు కాలిఫోర్నియా తీరంలోని కాటలీనా ద్వీపం వద్ద చార్లెస్ ఫ్రెడరిక్ హోల్డర్ కర్ర, చక్రం సాయంతో 183 పౌండ్ల ట్యూనాను పట్టాడు. చేతితాళ్లతో విచ్చలవిడిగా చేపలను పట్టడం అన్యాయమని భావించి, అక్కడే ఒక ట్యూనా క్లబ్బును స్థాపించి, సన్నని తాడునే వాడాలని నియమాలు ఏర్పరచాడు. అంతర్జాతీయ క్రీడామత్స్య సంఘం 1939లో ఏర్పడింది. చేప చిక్కిన క్షణం నుండి కర్రను, తాడును వేటగాడు తప్ప మరెవరూ తాకరాదన్నది ఆ సంఘం నియమాలలో ప్రధానమైనది. 1953 ఆగస్టులో పెరూ దేశపు కాబో బ్లాంకో వద్ద ఆల్ఫ్రెడ్ గ్లాసెల్ పట్టిన నల్ల మార్లిన్ 1,560 పౌండ్లు, అంటే ఏడు వందల కిలోలకు పైగా తూగింది.

ఈ వివరాలు చదివినప్పుడు నాకు ధర్మయుద్ధపు కట్టుబాట్లు గుర్తుకు వచ్చాయి. బలవంతుడు తన బలాన్ని తానే కొంత తగ్గించుకొని, ఎదుటివానికి తప్పించుకొనే అవకాశం ఇవ్వడం ఆ కట్టుబాట్లలోని నీతి. అయినా ఒక సందేహం మిగిలింది. ఎదుటి ప్రాణి ఆ యుద్ధానికి సమ్మతించలేదు కదా! ఈ సందేహంతోనే నేను అండమాన్‌లో అటువంటి పడవ ఎక్కాను.

అండమాన్ దీవులలో తెలుగువారి సంఖ్య తక్కువేమీ కాదు. 2011 జనాభా లెక్కల ప్రకారం అక్కడి జనాభాలో సుమారు పదమూడు శాతం మంది మాతృభాష తెలుగు. వారిలో శ్రీకాకుళం, విశాఖపట్నం తీరాల నుండి వలస వెళ్లిన మత్స్యకార కుటుంబాలు ఉన్నాయి. 2024లో శ్రీవిజయపురంగా పేరు మారిన పోర్ట్ బ్లెయిర్‌లో నా పూర్వవిద్యార్థి ఒకడు ఉద్యోగం చేస్తున్నాడు. అతని మిత్రుడైన హైదరాబాదు యువకుడు క్రీడాపడవను అద్దెకు తీసుకోగా, ప్రేక్షకునిగా నాకూ చోటు దొరికింది. పడవ నడిపే సరంగు తాత శ్రీకాకుళం తీరం నుండి వచ్చినవాడట.

తెల్లవారకముందే బయలుదేరాము. లోతైన నీటిలోకి వెళ్లాక పడవ వేగం తగ్గించి, రంగురంగుల కృత్రిమపు ఎరలను వెనుక నీటిమీద ఈడ్చుకుంటూ సాగారు. మూడు గంటలపాటు ఏమీ జరగలేదు. ఎండ మండుతోంది. వేట అంటే అధికభాగం నిరీక్షణేనని నాకు అప్పుడు అర్థమైంది. హఠాత్తుగా చక్రం కీచుమని అరిచింది. తాడు వందల గజాలు క్షణాల్లో సాగిపోయింది. దూరాన నీరు బద్దలై, నీలమూ వెండీ కలిసిన ఒక శరీరం గాలిలోకి లేచి, కొమ్ము విదిలించి, పక్కకు పడింది. అది మార్లిన్.

యువకుడు కుర్చీకి నడుము బిగించుకొని, కర్రను రెండు చేతులా పట్టి బలంకొద్దీ లాగసాగాడు. అప్పుడు సరంగు వెనక్కు తిరిగి అరిచాడు:

“ఒగ్గండి బాబూ, ఒగ్గండి! అది పరిగెడతన్నప్పుడు లాగకూడదు. ఒగ్గితేనే వస్తాది.”

ఆ గందరగోళంలోనూ నా మనస్సు ఆ మాట దగ్గర ఆగింది. కావ్యభాషలో ‘ఒగ్గు’ అంటే చాచు, అందించు అని అర్థం. చెవి ఒగ్గి వింటాము. దోసిలి ఒగ్గి యాచిస్తాము. ఉత్తరాంధ్ర నాలుకపై ‘ఒగ్గడం’ అంటే విడిచిపెట్టడం. ఇవ్వడానికీ, విడవడానికీ ఒకే మాట. తాతల నాడు సముద్రం దాటి వచ్చిన ఆ మాట అక్కడ చెక్కుచెదరక నిలిచి ఉంది.

చక్రంలో తాడు పట్టును బిగించే, సడలించే ఏర్పాటు ఒకటి ఉంటుంది. మరీ బిగిస్తే తాడు తెగుతుంది. మరీ సడలిస్తే గాలం ఊడుతుంది. చేప పరుగెత్తినప్పుడు ఇవ్వాలి. అలసి ఆగినప్పుడు చుట్టుకోవాలి. యువకుడు ఆ లయను క్రమంగా అందుకొన్నాడు. సుమారు యాభై నిమిషాల తరువాత చేప పడవ పక్కకు వచ్చింది. దాని కన్ను అరచేయంత ఉంది. సరంగు చేతితొడుగు వేసుకొని కొమ్మును పట్టుకొన్నాడు. చేపను పైకి లాగలేదు. పట్టిన మార్లిన్‌ను తిరిగి వదిలివేయడం ఆ పడవవారి నియమం. గాలం తీసి, పడవను మెల్లగా ముందుకు పోనిస్తూ, చేప నోటిలోకి నీరు ప్రవహించేలా కొంతసేపు దానిని పట్టుకొనే ఉన్నాడు. మొప్పలు బలంగా ఆడసాగాయి. తోక ఒకసారి కదిలింది. అతడు చేయి తీశాడు. నీలి నీడ ఒకటి కిందికి జారి కనుమరుగైంది.

యువకుని చేతులు వణుకుతున్నాయి, ముఖం వెలుగుతోంది. నేను సరంగును అడిగాను: “మీ తాతగారైతే దీన్ని వదిలేవారా?”

అతడు నవ్వాడు. “మా తాత ఒగ్గితే మా నాన్న పస్తుండేవోడు మాస్టారూ. ఇప్పుడు ఇది బతికుంటేనే నాకు కూడు. రేపు ఇంకో పార్టీ వస్తాది కదా!”

ఆ సమాధానాన్ని నేటికీ తలపోస్తూనే ఉన్నాను. విడిచిపెట్టిన చేప బాధపడలేదని ఎవరు చెప్పగలరు? అలసటతో కొన్ని చేపలు తరువాత మరణిస్తాయని కూడా శాస్త్రజ్ఞులు చెబుతున్నారు. దవడ మూలలో మాత్రమే దిగే గుండ్రని గాలాలు వాడడం, చేపను నీటిలోనే ఉంచడం ఆ నష్టాన్ని తగ్గించే మార్గాలు. ఆ క్రీడను సంపూర్ణంగా సమర్థించలేను. కాని లక్షలాది గుడ్లు పెట్టే పెద్ద ఆడచేప తిరిగి సముద్రానికి చేరడం విలువైన విషయమేనని ఒప్పుకొంటాను.

నాకు అంతకన్నా ముఖ్యంగా తోచింది మరొకటి. ఆ యువకుడు చేపను వదిలినందువల్ల అతనికి కలిగిన నష్టం ఏమీ లేదు. ఆ రాత్రి అతని భోజనం తగ్గలేదు. నా విద్యార్థి తండ్రి తాడు తెంపితే ఆ వారం ఇంటి ఖర్చు తెగిపోతుంది. విడవడం అనే గుణాన్ని మనం అందరిలోనూ ఒకే విధంగా మెచ్చుకొంటాము. దాని వెల మాత్రం అందరికీ ఒకటి కాదు. ఎర్నెస్ట్ హెమింగ్వే 1952లో ప్రచురించిన ‘ది ఓల్డ్ మాన్ అండ్ ది సీ’ నవలలో క్యూబా ముసలి జాలరి ఎనభైనాలుగు రోజులు చేప దొరకక, ఆ తరువాత చిక్కిన మహామీనాన్ని చేతులు కోసుకుపోతున్నా వదలడు. హెమింగ్వే స్వయంగా సొంత పడవలో మార్లిన్ వేటాడిన క్రీడాకారుడు. అయినా తన కథకు నాయకునిగా క్రీడాకారుని కాక, వదలలేని పేదవానిని ఎన్నుకొన్నాడు.

వదలలేకపోవడం కథలో గొప్పగా ఉంటుంది. మన తీరంలో దాని రూపం వేరు. 2025 జూలైలో పుడిమడకకు చెందిన ఒక యువ మత్స్యకారుడు సహచరులతో కలిసి వేటకు వెళ్లాడు. సుమారు వంద కిలోల కొమ్ముకోనెం గాలానికి చిక్కింది. దానిని పడవలోకి లాగే ప్రయత్నంలో ఆ చేప అతనిని సముద్రంలోకి లాగివేసింది. తోటివారు చూస్తుండగానే అతడు అదృశ్యమయ్యాడు. ఆ వార్త చదివిన రోజు నాకు ఆ పాత గాట్ల అరచేతులు కళ్ల ముందు కదిలాయి. దూరాన కూర్చొని, ‘తాడు వదిలివేసి ఉండవలసింది’ అని పలకడం సులువు. వంద కిలోల చేప అంటే ఆ ఇంటికి ఎన్ని నెలల అప్పు తీరుతుందో తెలిసినవాడు అలా పలకలేడు.

ఇక్కడికి వచ్చేసరికి నా ఆలోచన సముద్రాన్ని విడిచి మా పీఠభూమికి మళ్లుతుంది. మా ప్రాంతపు రైతుకు గాలం అక్కరలేదు గాని, కంటికి కనిపించని లోతులోకి ఆశను దింపడం అతనికీ తెలుసు. దానినే బోరుబావి అంటాము. అరచేతిలో కొబ్బరికాయ నిలిపి, వేపపంగ పట్టి నీటిజాడ చెప్పేవారు వస్తారు. అప్పు చేసి తెచ్చిన బోరు లారీ రాత్రంతా నల్లరాతిని తొలుస్తుంది. ఇల్లంతా చుట్టూ కూర్చొని తడిమట్టి కోసం ఎదురుచూస్తుంది. చాలాసార్లు పైకి వచ్చేది తెల్లని రాతిపొడి మాత్రమే.

మా నాన్నగారు మూడు బోర్లు వేయించారు. మొదటిది మూడు వందల అడుగులు, రెండవది నాలుగు వందల యాభై, మూడవది ఆరు వందలు. మూడవదానిలో పడిన కొద్దిపాటి నీరు ఒక వేసవితో ఇంకిపోయింది. నాలుగవది వేయమని అందరూ ప్రోత్సహించారు. “ఇంకొక్క వంద అడుగులు పోతే గంగ పడుతుందప్పా!” అన్నారు. నాన్నగారు రెండు రోజులు చేను గట్టున కూర్చొని ఆలోచించి, ఒకే మాట చెప్పారు: “చాలు.” వరి పండించాలన్న కోరికను ఆయన ఆ రోజే వదులుకొన్నారు. మిగిలిన భూమిలో వానకు పండే చెనిక్కాయ వేసి, గట్ల వెంబడి చింతమొక్కలు నాటించారు. ఆ నిర్ణయంవల్ల మేము ధనికులం కాలేదు. కాని భూమి మిగిలింది. నా చదువు సాగింది. మా పొరుగు రైతు ఒకాయన ఏడు బోర్లు వేయించాడు. ఏడవదాని నాటికి ఆయనకు పొలమే లేదు. ఆయన మా నాన్నగారికన్నా తక్కువ తెలివైనవాడని నేను అనుకోను. కూతురి పెళ్లి అప్పు మెడమీద ఉన్నవానికి ‘చాలు’ అనే మాట నోటికి రాదు.

మరి వదలలేనివారికి వదిలే అవకాశం ఎలా కలుగుతుంది? దీనికి సముద్రతీరంలోనే ఒక చిన్న సమాధానం కనిపిస్తుంది. తూర్పుతీరంలో ఏటా ఏప్రిల్ 15 నుండి జూన్ 14 వరకు అరవై ఒక్క రోజులు మరపడవల వేట నిషిద్ధం. చేపలు గుడ్లు పెట్టే కాలంలో సముద్రానికి ఇచ్చే విడుపు అది. ఆ రోజుల్లో పొయ్యి వెలగడానికి ప్రభుత్వం మత్స్యకార కుటుంబాలకు భృతి ఇస్తుంది. ఆంధ్రప్రదేశ్‌లో ఆ మొత్తాన్ని 2025లో ఇరవై వేల రూపాయలకు పెంచారు. అది వారి అవసరాలన్నిటినీ తీర్చేది కాకపోవచ్చు. అయినా దాని వెనుక ఉన్న ఆలోచన గమనింపదగినది. ఒకరు విడిచిపెట్టినందువల్ల అందరికీ మేలు కలుగుతున్నప్పుడు, ఆ విడుపు వెలలో అందరూ కొంత భాగం మోయాలి. బీమా, ప్రమాదంలో పిలుపునందుకొనే పరికరాలు, కరువుసీమలో పంట నష్టపరిహారం, చెరువుల పూడికతీత ఇవన్నీ ఆ కోవలోనివే. చేతిలో కత్తి ఉన్నా తాడు తెంపలేని మనిషికి, తెంపినా పస్తు ఉండనవసరం లేదనే భరోసా ఉంటే, అతడు ఇల్లు చేరుతాడు.

పట్టూ విడుపూ ఉండాలని పెద్దలు చెబుతారు. పట్టుదలను గురించి మీరు బడిలో చేరిన నాటి నుండి వింటూనే ఉన్నారు. పోటీ పరీక్షల కాలంలో అది అవసరమే. పట్టు లేనివాని చేతిలో గాలం నిలవదు. విడుపును గురించి చెప్పేవారు తక్కువ. ఒక పరీక్షలో ర్యాంకు రాలేదనో, ఒక కోర్సులో సీటు దొరకలేదనో తాడు చుట్టలో కాలు పెట్టినంత పని చేసే పిల్లలను నా ఉద్యోగజీవితంలో చూశాను. వారికి చెప్పవలసిన మాటనే వారి తల్లిదండ్రులకూ చెప్పవలసి ఉంటుంది. చేప పోతే పోనీ, మనిషి పడవలో ఉంటే రేపు మళ్లీ వేటకు వెళ్లవచ్చు. అలా తిరిగి వచ్చినవానిని తీరంలో నిలబడినవారు ‘ఏం తెచ్చావు?’ అని కాక, ‘వచ్చావా నాయనా!’ అని పలకరించాలి.